తిరుపతి పాత వీధుల్లో నడక: ఎవరి వెంట వెళ్తే మేలు?

కొండ మీద దర్శనం ముగించుకుని రాత్రి రైలు కోసం ఎదురుచూసేవాళ్ళు, దర్శనం టోకెన్ మర్నాటికి దొరికి పగలంతా ఖాళీగా ఉన్నవాళ్ళు తిరుపతిలో ఏ రోజు చూసినా కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది గదిలో నిద్రపోతారు, లేదా ఆటో మాట్లాడుకుని నాలుగు గుళ్ళు చుట్టి వస్తారు. రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలోనే అసలు ఊరు ఉందని, దాన్ని కాలినడకన చూడవచ్చని వాళ్ళకు చెప్పేవాళ్ళు ఉండరు. ఎవరైనా చెబితే వెంటనే మరో ప్రశ్న వస్తుంది: ఎవరి వెంట వెళ్ళాలి? డబ్బు తీసుకునే గైడా, సెలవు రోజుల్లో జరిగే బృంద నడకా, ఆ వీధుల్లోనే పుట్టి పెరిగిన పెద్దాయనా, ఆటో డ్రైవరా, చేతిలోని ఫోనా?

ఇక్కడ ఊరంటే గోవిందరాజస్వామి గుడి, దాని చుట్టూ ఉన్న మాడ వీధులు, తీర్థకట్ట వీధి, బేరి వీధి, గాంధీ రోడ్డు, కోదండరామస్వామి గుడి పరిసరాలు, నాలుగుకాళ్ళ మండపం, అక్కడి నుంచి తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా. రామానుజాచార్యులు 1130లో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారని, ఆ గుడి చుట్టూ ఊరు ఏర్పడిందని సంప్రదాయం. ఆ లెక్కతోనే 2022 నుంచి ఫిబ్రవరి 24న తిరుపతి పుట్టినరోజు జరుపుతున్నారు.

ముందు తేల్చుకోవలసినవి

చాలామంది మొదట అడిగేది ధర, తరువాత అడిగేది ఎన్ని చోట్లు చూపిస్తారని. నా దృష్టిలో ఈ రెండూ చివరి ప్రశ్నలు. తిరుపతి పాత వీధుల్లో చూడదగినవి బోర్డు పెట్టుకుని నిలబడి ఉండవు. పన్నెండు చోట్లు గబగబా చూపించే నడక కంటే నాలుగు చోట్ల నిలబెట్టి మాట్లాడే నడక మేలు.

అన్నిటికంటే ముందు వేళ చూసుకోవాలి. ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఈ వీధులు మనుషులవి. ముగ్గులు అప్పుడే వేసి ఉంటాయి, పూల బుట్టలు దిగుతుంటాయి, హోటళ్ళలో పొంగలి ఆవిరి బయటికి వస్తుంటుంది. తొమ్మిది దాటితే సరుకుల ఆటోలు, యాత్రికుల గుంపులు, ద్విచక్ర వాహనాలు కలిసి నిలబడే చోటు లేకుండా చేస్తాయి. పైగా గుళ్ళలోకి చెప్పులు లేకుండా వెళ్ళాలి. మే నెలలో పదిన్నర తరువాత ప్రాంగణంలోని బండ మీద అరికాలు ఆనదు. అందువల్ల ఎంత మంచి గైడ్ అయినా పదకొండింటికి మొదలుపెడదామంటే వద్దనండి. సాయంత్రం ఐదున్నర తరువాత మళ్ళీ వీలవుతుంది కానీ అది బజారు వేళ. అంగళ్ళు బాగుంటాయి, మాట వినపడదు.

తరువాత చూడవలసింది, చెప్పే మనిషి కథను కథగా, ఆధారాన్ని ఆధారంగా విడదీసి చెప్పగలడా అన్నది. గాంధీ రోడ్డు పక్కన హథీరాంజీ మఠం దగ్గర ఇది తేలిపోతుంది. మఠానికి ఆ పేరు తెచ్చిన హథీరాం బావాజీ వేంకటేశ్వరస్వామితో పాచికలాడిన కథ, ఏనుగు వచ్చి రాత్రికి రాత్రి చెరకు గడలన్నీ తినేసిన కథ అందరూ చెబుతారు, చెప్పాలి కూడా. అక్కడితో ఆగిపోయే మనిషి మనకు సగమే చెప్పినట్టు. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయాల నిర్వహణ నుంచి తప్పుకుని దాన్ని ఈ మఠం మహంతులకు అప్పగించింది. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానాలు (తితిదే) ఏర్పడే దాకా, అంటే తొంభై ఏళ్ళపాటు, కొండ మీది లెక్కలన్నీ వాళ్ళ చేతుల మీదుగానే నడిచాయి. ఈ రెండో సంగతి చెప్పినప్పుడే పాచికల కథకూ బరువు వస్తుంది.

శాసనాల విషయమూ అంతే. తిరుపతి, తిరుమల గుళ్ళ గోడల మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. తితిదే 1930లలోనే వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. గోడ మీది అక్షరాలు చూపించి 'ఇది ఎవరికీ అర్థం కాని దేవభాష' అనే గైడ్ తారసపడితే, మర్యాదగా నవ్వి మిగతా మాటలను కూడా అదే తూకంతో తూచుకోండి.

ఇక గుంపు సంగతి. మాడ వీధుల్లో ఎనిమిది మందికి మించితే వెనకవాళ్ళకు మాట చేరదు, ముందువాళ్ళు బండ్లకు అడ్డం. చివరిది దుకాణం: నడక ఎక్కడ ముగుస్తుందో ముందే అడగండి. బొమ్మల దుకాణంలో ముగిసే నడకకు మీరిచ్చే రుసుము మొదటి విడత మాత్రమే.

డబ్బు తీసుకునే గైడ్

పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉన్న గైడ్‌ను అడిగి కుదుర్చుకోవడం అన్నిటికంటే సూటి దారి. వేళకు వస్తాడు, వేళకు వదులుతాడు, హిందీ, ఇంగ్లీషు, తమిళం మాట్లాడేవాళ్ళూ దొరుకుతారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్తుంటే ఇదే సుఖం.

చిక్కు ఎక్కడంటే, చాలామంది గైడ్‌ల పాఠం ఆలయాల చుట్టూ అల్లినది. వీధి వాళ్ళకు ఒక గుడి నుంచి మరో గుడికి పోయే దారి. అందుకే ఒప్పుకునే ముందు ఒకటి రెండు ప్రశ్నలు వేయాలి. నేనైతే గోవిందరాజస్వామి గుడి బయటి గోపురం గురించి అడుగుతాను. ఏడంతస్తుల ఆ గోపురాన్ని 17వ శతాబ్దంలో మట్ల అనంతరాజు కట్టించాడు. గోపురం కింది నడవ గోడల మీద రామాయణ ఘట్టాలతో పాటు ఆ రాజు, ఆయన రాణులు చెక్కి ఉన్నారు. రోజూ వేలమంది ఆ నడవలోంచి లోపలికి పోతారు, తల పక్కకు తిప్పేవాళ్ళు అరుదు. రాజును చూపించి, కడప సీమను ఏలిన మట్ల వంశం వాళ్ళకు తిరుపతిలో గోపురం కట్టించే పని ఎందుకు పడిందో నాలుగు మాటలు చెప్పగలిగితే ఆ గైడ్‌కు అడిగినంత ఇవ్వవచ్చు.

రెండో ప్రశ్న లోపలి సంగతి. గోవిందరాజస్వామి శయనించి ఉంటారు. తమ్ముడు వేంకటేశ్వరస్వామి పెళ్ళి అప్పు తీర్చడానికి కానుకలు కొలిచి కొలిచి అలసిపోయి, కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నారని జనం చెప్పుకునే కథ. చిదంబరం నుంచి స్వామి ఇక్కడికి చేరారన్నది మరో కథనం. అదే ప్రాంగణంలో పార్థసారథి స్వామి సన్నిధి కూడా ఉంది. గోవిందరాజస్వామి కంటే ముందు నుంచీ అక్కడ ఉన్నది ఆయనే అంటారు. పార్థసారథి సన్నిధి ఊసే ఎత్తని గైడ్ బయటి గోపురం దాటి లోపలికి శ్రద్ధగా వెళ్ళలేదనుకోవచ్చు.

ఒక హెచ్చరిక. నడకతో పాటు కొండ మీద దర్శనం టికెట్ కూడా ఇప్పిస్తానని ఎవరైనా అంటే ఆ మనిషి గైడ్ కాదు, దళారి. టికెట్లు, టోకెన్లు తితిదే అధికారిక వెబ్‌సైట్‌లో, కౌంటర్లలో తప్ప మరోచోట తీసుకోకూడదు. అక్కడే మాట తుంచేసి వచ్చేయండి.

బృందంగా వెళ్ళే వారసత్వ నడక

కాలేజీల చరిత్ర విభాగాలు, చరిత్ర అంటే ఇష్టమున్నవాళ్ళు అప్పుడప్పుడు ఇలాంటి నడకలు పెడుతుంటారు. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, సెప్టెంబర్ 27 పర్యాటక దినం, నవంబర్ 19 నుంచి 25 దాకా జరిగే వారసత్వ వారోత్సవం, ఈ తేదీల చుట్టుపక్కల స్థానిక పత్రికల జిల్లా పేజీలు చూస్తే సమాచారం దొరకవచ్చు. చాలావరకు ఉచితం, చెప్పేది చదువుకున్న మనిషి. శాసనం, సంవత్సరం, రాజవంశం కావాలనుకునే విద్యార్థికి ఇంతకంటే మంచిది లేదు. బ్యానరు పట్టుకుని ఫోటో దిగడానికి మొదటి అరగంట పోతుందన్నది వేరే సంగతి. మీకు ఖాళీ ఉన్న రోజు నడక ఉండదు, నడక ఉన్న రోజు మీరు ఊళ్ళో ఉండరు. బయటి ఊరివాళ్ళకు దీనితో ఉన్న ఇబ్బంది అదే.

ఆ వీధి మనిషి

నన్నడిగితే మొదటి ఓటు దీనికే. మాడ వీధుల్లో, తీర్థకట్ట వీధిలో, బేరి వీధిలో తరతరాలుగా ఉంటున్న కుటుంబాలు ఇంకా కొన్ని మిగిలాయి. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు మాట్లాడే వైష్ణవ కుటుంబాలు, గుడి కైంకర్యాలతో సంబంధం ఉన్నవాళ్ళు, పూలు, ఇత్తడి సామాను, పసుపు కుంకుమలు అమ్ముకునేవాళ్ళు. అరుగులున్న పాత ఇళ్ళు ఒక్కొక్కటే లాడ్జీలుగా మారిపోతుంటే, ఏ లాడ్జీ స్థానంలో ఏ ఇల్లుండేదో చెప్పగలిగేది వాళ్ళే. ఊరేగింపు ఏ మలుపులో ఆగుతుందో, ఎవరి ఇంటి ముందు హారతి పడుతుందో, వైశాఖంలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలకు ఏ ఇంటికి చుట్టాలు దిగుతారో వాళ్ళకు నోటికి వచ్చు.

ఇటువంటి పెద్దాయన వెంట నడవడానికి ఓపిక కావాలి. సంవత్సరాలు తారుమారవుతాయి. గోపురం గురించి అడిగితే ముప్పై ఏళ్ళ కిందటి మునిసిపల్ ఎన్నికల దగ్గరికి వెళ్ళిపోతారు. పది అడుగులకొకరు పలకరిస్తారు, ప్రతి పలకరింపుకూ ఒక వంశవృక్షం ఉంటుంది. 'స్వామీ, ఇంకాస్త త్వరగా వెళ్దామా' అనడం కుదరదు. రెండు గంటల్లో రైలు పట్టుకోవలసినవాళ్ళు ఈ దారి తొక్కకండి.

దొరకడం ఎలాగన్నది న్యాయమైన ప్రశ్నే. తెలియని మనిషిని వీధిలో ఆపి అడిగితే పని జరగదు. తిరుపతిలో చదువుకున్న మిత్రుడి మేనమామో, మీ ఊరి అర్చకుడి చుట్టమో, విశ్వవిద్యాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారో, ఎవరో ఒకరి ద్వారా వెళ్ళాలి. పెద్దావిడ దొరికితే ఇంకా మంచిది. పెద్దాయనలు వీధి చూపిస్తారు, పెద్దావిడలు ఇంటి లోపలి నడవ దాకా తీసుకువెళ్తారు.

ఆటో డ్రైవర్

నిజం చెప్పాలంటే ఇది నడక కాదు. అయినా స్టేషన్ బయటికి రాగానే ఎదురయ్యేది ఇదే కాబట్టి చెప్పుకోక తప్పదు. 'స్వామీ, ఐదు గుళ్ళు తిప్పుతా' అంటే తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, కపిలతీర్థం లాంటివి. పాత వీధులు అందులో ఉండవు, ఆటో దూరని చోటు ఆయన పటంలో లేదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో వచ్చినవాళ్ళకు మాత్రం మంచి ఉపాయం ఒకటుంది. నడక మొదలయ్యే చోట దింపి, ముగిసే చోట ఎక్కించుకోమని ఆటోను గంటల లెక్కన మాట్లాడుకోండి. తాతయ్యగుంట దగ్గర ముగించి, అక్కడి నుంచి ఆటోలో కపిలతీర్థం వెళ్తే వానాకాలంలో పైనుంచి పడే జలపాతం కూడా చూసినట్టవుతుంది.

ఫోను పట్టుకుని ఒంటరిగా

ఎవరి మాటా వినకుండా ఒక తలుపు ముందు ఇరవై నిమిషాలు నిలబడే స్వేచ్ఛ దీనిలో ఉంది. పటం చూపించే దారి సందుల్లో అప్పుడప్పుడు గోడకు తగులుతుంది, దానికి బెంగ పడనక్కర్లేదు. ఎటు పోయినా గోపురం కనిపిస్తుంది. ఇబ్బంది ఏమిటంటే ఫోను పేరు చెబుతుంది, సంగతి చెప్పదు. నాలుగుకాళ్ళ మండపం దగ్గర నిలబడి చూస్తే కనిపించేది నాలుగు రాతి స్తంభాలు, చుట్టూ ట్రాఫిక్. మొదటిసారి మనిషి వెంట, రెండోసారి ఒంటరిగా వెళ్ళడం ఉత్తమం.

పక్కపక్కన పెట్టి చూడాలనుకునేవాళ్ళకు:

| | గైడ్ | బృంద నడక | వీధి మనిషి | ఆటో | ఫోను |
|---|---|---|---|---|---|
| వేళ | మీరు చెప్పినట్టే | వాళ్ళు పెట్టినప్పుడే | ఆయన వీలును బట్టి | ఎప్పుడైనా | ఎప్పుడైనా |
| ఆధారాలు | మనిషిని బట్టి | బాగుంటాయి | తక్కువ | ఉండవు | మీరు చదివినంత |
| ఊరి జ్ఞాపకాలు | కొద్దిగా | తక్కువ | పుష్కలం | తమాషాగా కొన్ని | ఉండవు |
| ఖర్చు | ఎక్కువ | చాలావరకు ఉచితం | తాంబూలం, మర్యాద | మధ్యస్థం | లేదు |
| దుకాణం బెడద | ఉండవచ్చు | లేదు | లేదు | ఉండవచ్చు | లేదు |

మీరెవరు అన్నదాన్ని బట్టి

రైలుకు మూడు గంటలే ఉంటే గైడ్‌ను పెట్టుకోండి, గోవిందరాజస్వామి గుడి, మాడ వీధులు, హథీరాంజీ మఠం, అంతే. తాతయ్యగుంట దాకా లాగొద్దు. పిల్లలతో వస్తే కూడా గైడే. అయితే ఏనుగు కథ, కుంచం కథ ముందు చెప్పమనండి, సంవత్సరాలు తరువాత. చరిత్ర విద్యార్థి బృంద నడక కోసం తేదీ చూసుకుని రావాలి. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళు ఉదయం పూట ఫోను పట్టుకుని నడవవచ్చు. ఆ వేళ వీధి నిండా పూలు కొనే ఆడవాళ్ళే ఉంటారు.

తిరుపతిలోనే ఉండి ఈ వీధులను కూరగాయల కోసమో, పెళ్ళి బట్టల కోసమో తప్ప తొక్కనివాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు డబ్బిచ్చి గైడ్‌ను పెట్టుకోవడం చిన్నతనంగా ఉంటుంది. అవసరమూ లేదు. వాళ్ళకు వీధి మనిషి దొరకడం సులభం, తొందరా ఉండదు. ఒక ఉదయం ఒక వీధి చొప్పున చూడటం వాళ్ళకే సాధ్యం.

చరిత్ర కావాలి కానీ సందులు, గుంపులు పడవనుకునేవాళ్ళు తిరుపతి మానేసి చంద్రగిరి వెళ్ళండి. తిరుపతికి దగ్గరే. 1565 తరువాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి, ఆపైన వేలూరుకు మారారు. అక్కడి రాజమహల్, రాణిమహల్ చుట్టూ నీడ, పచ్చిక, నిశ్శబ్దం ఉంటాయి. రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. అది మాత్రం చూసుకుని వెళ్ళాలి.

గంగమ్మ జాతర రోజుల్లో

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారంలో వస్తే పైన చెప్పిన లెక్కలన్నీ పక్కన పెట్టండి. ఆ రోజుల్లో వీధి మనిషి తప్ప మరెవరూ పనికిరారు. అవిలాల నుంచి పుట్టింటి సారె వస్తుంది, చాటింపు పడుతుంది. తరువాత రోజుకొక వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు రోజుకొక రూపంలో ఊరంతా తిరిగిందని కథ. కైకాల కుటుంబం వాళ్ళు ఆ వేషాలు కడతారు. మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టి, నగలు వేసుకుని వీధుల్లోకి వస్తారు.

వేషం కట్టినవాళ్ళు బూతులు తిట్టడం ఆచారంలో భాగం. తెలియనివాళ్ళు బిత్తరపోతారు, పిల్లలు అర్థాలు అడుగుతారు. ఇది ముందే చెప్పి, ఏ వేషం ఏ రోజు ఏ వీధిలోకి వస్తుందో, ఎక్కడ నిలబడితే తొక్కిసలాట తగలదో, ఎప్పుడు ఫోను కిందికి దించాలో చెప్పే మనిషి కావాలి. జాతరను తమాషాగా చూపిస్తామనే ప్యాకేజీలు నాకు నచ్చవు. అది అక్కడివాళ్ళ మొక్కు. మిమ్మల్ని పక్కన నిలబడి చూడనిచ్చారు, అంతే.

కుదుర్చుకునే ముందు

గైడ్‌తో అయితే మొత్తం ఎంతో, ఎన్ని గంటలకో, ఎంతమందికో ముందే తేల్చుకోండి. గుళ్ళలో అర్చన టికెట్లు, పార్కింగ్ దానిలో కలిశాయో లేదో అడగండి. ఎర్రచందనం బొమ్మలు కొనాలని ఉంటే, అంటే కొలువులో పెట్టే ఆ రాజా రాణి జంట, ముందు ప్రభుత్వ లేపాక్షి దుకాణంలో ధర చూసుకోండి. ఎక్కడ కొన్నా రసీదు తీసుకోండి. ఎర్రచందనం మీద ఆంక్షలున్నాయి, మామూలు చెక్కకు రంగు వేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వస్తే వానకు సిద్ధపడండి. 2021 నవంబర్ వరదల్లో తిరుపతి వీధులు వాగులయ్యాయి. అంత కాకపోయినా గట్టి వాన పడితే పాత వీధుల్లో కాలువ ఎక్కడో, దారి ఎక్కడో తెలియదు. నడక మర్నాటికి మార్చుకునే వీలుందో లేదో గైడ్‌ను అడిగి పెట్టుకోండి.

పెద్దాయన వెంట వెళ్ళినప్పుడు చివర్లో నోటు తీసి చేతిలో పెట్టకండి. వెళ్ళేటప్పుడే పండ్లు, తమలపాకులు తీసుకువెళ్ళండి, నడక అయ్యాక టిఫిన్‌కు రమ్మని పిలవండి. ఆయన కాదంటారు, రెండోసారి పిలవండి. బిల్లు మాత్రం ఆయన జేబులో చేయి పెట్టకముందే కట్టేయండి.